పసుపు చుక్క పక్కన

అక్టోబర్ 6, సోమవారం

లాండ్రీ పెద్దాయన కారు వచ్చింది. తనంతట తాను రాలేదు, వాళ్ల బట్టల వ్యాను వెనక తాడు కట్టించుకుని వచ్చింది. నిన్న మా బామ్మర్ది దుప్పట్లు ఉతకడానికి ఇచ్చి రావడానికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే పెద్దాయన బండి స్టార్ట్ చేశాడట. వీడు అది విని, పరుగెత్తుకెళ్లి ఇంజన్ ఆపేసి తాళాలు లాక్కున్నాడట. పెద్దమనిషి చేతిలో తాళాలు లాక్కోవడం ఏమిట్రా అంటే, "ఇంజన్ చస్తుంటే మర్యాదలేంటి బావా" అన్నాడు.

ఇరవై రెండేళ్ల బండి. కొత్తలో ఇలాంటి దాంట్లో దర్జా ఉన్నవాళ్లే తిరిగేవారు. ఇప్పుడు వెనక సీటంతా ఇస్త్రీ వాసన. అయినా తలుపు వేస్తే ఆ బరువు ఎక్కడికీ పోలేదు. తలుపు చప్పుడు నాకు చక్కగా వినపడింది.

బామ్మర్ది టైమింగ్ చెయిన్ అంటున్నాడు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే రెండు సెకన్ల పాటు, రేకు డబ్బాలో మేకులు పోసి ఆడించినట్టు చప్పుడట. ఈ బండిని జనవరిలో చూసింది నేనే. చెయిన్‌కేం లేదని చెప్పి పంపించింది నేనే.

అక్టోబర్ 7, మంగళవారం

పొద్దున్నే ఒక్కసారి స్టార్ట్ చేయమన్నాను. వద్దు బావా, చెయిన్ చక్రం మీద ఒక్క పన్ను దాటితే వాల్వులు పోతాయన్నాడు. రెండు సెకన్లే కదరా అన్నాను. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. ఈ షెడ్డులో ఇరవై ఏడేళ్లుగా జబ్బు ఏదో తేల్చేది అలాగే.

వాన పడుతోంది. రేకుల మీద వాన పడుతుంటే ఎవడికైనా ఏం వినపడుతుంది?

మా ఆవిడ కౌంటర్ గది తలుపు తెరుచుకుని వచ్చింది. "ఏంటండీ ఆ మేకుల చప్పుడు?" అంది. బామ్మర్ది అక్క వైపు చూశాడు, ఆవిడ తమ్ముడి వైపు చూసింది, ఇద్దరూ కలిసి వాన వైపు చూశారు.

వాన సన్నగానే ఉంది.

అక్టోబర్ 8, బుధవారం

అడుగున ఆయిల్ గిన్నె విప్పాం. ప్లాస్టిక్ ముక్కలు. గోధుమ రంగుకి తిరిగి, గోటితో నొక్కితే విరిగిపోతున్నాయి. చెయిన్ పక్కకి పోకుండా దారిలో పెట్టే ప్లాస్టిక్ పట్టీ అది, సగానికి పైగా ఊడి కింద పడింది. ముక్కల్ని వార్తాపత్రిక మీద వరసగా పేర్చాను. మొత్తం పదిహేడు. ముందు కవరు విప్పితే చెయిన్ వదులు ఎంత ఉందంటే, దాని కింద నా చూపుడు వేలు సులువుగా దూరింది.

పెద్దాయనకి ఫోన్ చేశాను. చెయిన్ ఒక్క పన్ను దాటితే పిస్టన్ వెళ్లి వాల్వుకి కొట్టుకుంటుందని, ఇంజన్ ఉన్నచోటే ఆగిపోతుందని, నడుస్తుండగా ఆగితే స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుందని, బ్రేకు కూడా కాలికి లొంగదని చెప్పాను. "ఆఁ? ఆఁ?" అన్నాడు. గట్టిగా చెప్పాను. మళ్లీ "ఆఁ?" అన్నాడు. చివరికి ఫోన్ ఆయన భార్య తీసుకుంది.

"కొండ దారిలో ఆగితే?" అంది పెద్దావిడ.

ప్రతి మంగళవారం పెద్దాయన ఆవిడని కొండ అవతల ఆసుపత్రికి తీసుకెళ్తాడు. సూది మందు ఎక్కించుకుని సాయంత్రానికి వస్తారు. ఆ దారి నాకు తెలుసు. మలుపుకీ మలుపుకీ మధ్య మూడో గేరు పడదు.

"ఆగలేదు కదమ్మా" అన్నాను.

జనవరి నుంచి వారానికోసారి, రానూ పోనూ. లెక్క వేయలేదు.

జనవరిలో జరిగింది రాసి పెట్టుకోవాలి. పెద్దాయన, నేను బానెట్ దగ్గర నిలబడి విన్నాం. "నాకేం వినపడలేదు" అన్నాడాయన. "నాకూ వినపడలేదు" అన్నాను. పెద్దావిడ వెనక సీట్లోంచి "అదిగో, అదిగో" అంటూనే ఉంది. మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆడవాళ్లకి అన్నీ అనుమానాలే అన్నట్టు. ముప్ఫై ఏళ్లు బట్టలుతికే యంత్రాల మధ్య నిలబడ్డ మనిషి చెవిని నేను సాక్ష్యానికి ఎందుకు పిలిచానో తెలియదు. షెడ్డు పుస్తకంలో మాత్రం రాశాను: చప్పుడు ఏమీ లేదు. పక్కన 'విన్నవారు' అని ఒక గడి ఉంటుంది. అందులో నా సంతకం.

అక్టోబర్ 9, గురువారం

విడిభాగాలు రావాలి. పని లేదు.

టీవీ చప్పుడు గురించి మా ఆవిడా నేనూ మాటా మాటా అనుకున్నాం. ఈ కొత్త టీవీలకి స్పీకర్లు వెనక వైపు పెడతారు, చప్పుడంతా గోడకి పోతుంది.

అక్టోబర్ 11, శనివారం

ఈ మధ్య అందరికీ గొణిగే జబ్బు పట్టుకుంది. పొద్దున రిపేరుకి బండి తెచ్చిన టాక్సీ అతను నా ఎడమ పక్క నిలబడి ఏదో అడిగాడు. రెండుసార్లు అడిగించుకున్నాను. మూడోసారి అడిగించుకోవడం బాగుండదని తల ఊపాను. తీరా చూస్తే అతను అడిగింది, బండి సాయంత్రానికల్లా అయిపోతుందా అని. సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. బామ్మర్ది రాత్రి తిండి మానేసి పూర్తి చేశాడు.

నన్ను చెవి మేస్త్రి అంటారు. బయట బోర్డు మీద కూడా అదే ఉంది, పక్కన పెద్ద చెవి బొమ్మ. బొమ్మ వేసినవాడికి చెవి సరిగ్గా రాలేదు, దూరం నుంచి చూస్తే ముడుచుకుని పడుకున్న పిల్లిలా ఉంటుంది. ఏ బేరింగ్ పోయిందో, ఏ వాల్వు వదులైందో, బండి గేటు దాటక ముందే చెప్పేవాణ్ణి. పక్క ఊళ్ల మెకానిక్కులు తమ దగ్గర తేలని బండ్లు నా దగ్గరికి పంపేవారు. ఇప్పటికీ పంపుతారు. ఈ సంవత్సరం కొంచెం తగ్గాయి. రోడ్డు పనులు జరుగుతున్నాయి మరి.

అక్టోబర్ 13, సోమవారం

సామాను వచ్చింది. కొత్త చెయిన్, కొత్త పట్టీలు, చెయిన్‌ని బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్, పళ్ల చక్రాలు, బోల్టులతో సహా. పాత చెయిన్‌ని, కొత్త చెయిన్‌ని ఒకే మేకుకి తగిలించి చూశాం. పాతది అర వేలి వెడల్పు పొడుగు సాగింది. చూడ్డానికి బాగానే ఉంది, మెరుస్తూనే ఉంది. పక్కన కొత్తది వేలాడితే తప్ప తెలియలేదు.

బామ్మర్ది ఇంజన్ గుర్తులు కలిపి, పైన షాఫ్టులు కదలకుండా తాళపు దిమ్మ బిగించాడు. పని చక్కగా చేస్తాడు. నేర్పింది నేనే. అయితే మాటిమాటికీ "బావా, ఇది నేను చూసుకుంటాలే" అంటాడు. అదొక్కటే నచ్చదు.

బోల్టుల బిగింపు మాత్రం నాది. మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కొలత రెంచితో బోల్టు బిగించినవాడు దాని తల మీద రంగు చుక్క పెట్టాలి. నాది పసుపు, వాడిది తెలుపు. చుక్క ఉందంటే ఇక దాన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. బోల్టు వదులై బండి వెనక్కి వస్తే ఎవడి చుక్కో చూస్తాం, వాడే మాట పడాలి. ఇరవై ఏడేళ్లలో పసుపు చుక్క మీద ఎవరూ మాట అనలేదు.

అక్టోబర్ 14, మంగళవారం

కొత్త చెయిన్ వేశాం. పట్టీలు పెట్టాం. బామ్మర్ది ఎవరితోనో ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లాడు. నేను బిగింపు మొదలుపెట్టాను.

కొలత రెంచి, బిగింపు చాలగానే టక్కుమంటుంది. పెద్ద బోల్టులకైతే ఆ దెబ్బ భుజం దాకా తెలుస్తుంది. పట్టీ బోల్టులు చిన్నవి, వాటికి వాడే చిన్న రెంచి టక్కుమనడం కూడా బల్లి చప్పుడంతే. మొదటిది బిగించాను. రెండోది తిప్పుతున్నాను. టక్కు కోసం చూస్తూ తిప్పాను. ఇంకొంచెం తిప్పాను. బోల్టు ఒక్కసారిగా మెత్తబడి ఊరికే తిరగడం మొదలుపెట్టింది.

అల్యూమినియంలో మరలు పోయాయి.

ఈ కాలం బోల్టులు ఇంతే. పాతకాలపు సరుకు అయితే ఇలా అయ్యేది కాదు.

మరలకి వేసే జిగురు ఒక చుక్క వేసి, చేత్తో పట్టుకున్నంత బిగించాను. పట్టుకుంటుంది. ఆ పట్టీకి ఒత్తిడి పెద్దగా పడదు, చెయిన్ లాగేది అటు వైపు. మిగతా బోల్టులు కూడా ఉన్నాయి కదా. పట్టుకుంటుంది.

పసుపు చుక్క పెట్టాను.

బామ్మర్ది వచ్చి "అన్నీ అయ్యాయా బావా?" అన్నాడు. అయ్యాయన్నాను.

ఇవాళ మంగళవారం కాబట్టి వాళ్లు బస్సులో వెళ్లారు. మలుపుల్లో పెద్దావిడకి మూడుసార్లు వాంతైందట. మా ఆవిడ చెప్పింది. బండి ఎప్పుడిస్తారని అడిగిందట. వచ్చే మంగళవారం పొద్దున వచ్చి, మన షెడ్డు నుంచే తిన్నగా ఆసుపత్రికి వెళ్లిపోమని మా ఆవిడే చెప్పేసింది.

అక్టోబర్ 15, బుధవారం

ముందు కవరుకి జిగురు పట్టించి మూసేశాను. నేనే మూశాను. ఆ బోల్టు వైపు చూడలేదు, చూడాల్సిన పని లేదు.

పొద్దున నేను వెళ్లేసరికే బామ్మర్ది షెడ్డులో ఉన్నాడు. వేళ్ల నిండా తెల్లటి లోహపు పొడి. ఏంట్రా అంటే, తలుపు గొళ్లెం రంపంతో కోసి సరిచేశానన్నాడు. ఈ షెడ్డు తలుపుకి గొళ్లెం కోసేంత పనేముందో నాకు తెలియలేదు. అడగలేదు.

అక్టోబర్ 16, గురువారం

స్టార్ట్ అయింది. ఒక్క దెబ్బకి.

బామ్మర్ది మొహం వెలిగిపోయింది. "ఎంత నెమ్మదిగా ఉందో విన్నావా బావా" అన్నాడు. విన్నానన్నాను. షెడ్డు పుస్తకంలో రాశాను: టైమింగ్ చెయిన్, పట్టీలు, టెన్షనర్, పళ్ల చక్రాలు మార్చడమైంది. చప్పుడు లేదు. విన్నవారు: సంతకం.

పట్టుకుంటుంది.

అక్టోబర్ 17, శుక్రవారం

నిద్ర సరిగ్గా పట్టలేదు. తిండి కూడా సయించలేదు.

పొద్దున బామ్మర్దితో, ముందు కవరు దగ్గర ఆయిల్ చెమ్మ ఉంది, విప్పి మళ్లీ వేద్దామన్నాను. వాడు గుడ్డ పెట్టి తుడిచి చూపించాడు. పొడిగా ఉంది.

"లీకేం లేదు బావా."

"ఉందంటే ఉంది."

"ఒక రోజంతా పని. బండి బాగుంది. నన్ను నమ్ము."

"ఈ షెడ్డులో మేస్త్రి ఎవడ్రా?" అన్నాను. పెద్ద గొంతుతోనే అన్నట్టున్నాను, టాక్సీ అతను టీ గ్లాసు కింద పెట్టి చూశాడు.

బామ్మర్ది గుడ్డ మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. వాడు నిజానికి చాలా మంచివాడు. అందుకే వాడి మీద అరవడం తేలిక.

అక్టోబర్ 18, శనివారం

పెద్దావిడ వచ్చింది. ఒక్కతే, నడుచుకుంటూ. బండిలో చిన్న దిండు మర్చిపోయిందట, ఆసుపత్రిలో మోచేతి కింద పెట్టుకునేది. తీసి ఇచ్చాను. వెంటనే వెళ్లలేదు. నాకు ఎదురుగా వచ్చి, మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా మాట్లాడింది. ఇంట్లో పెద్దాయనతో అలాగే మాట్లాడుతుంది కాబోలు. నాకు ఒక్క మాట కూడా పోలేదు. ఎన్నాళ్ల తర్వాతో.

"చప్పుడు పోయిందా?"

"పోయిందమ్మా."

"మీరు విన్నారా?"

"విన్నాను."

"అయితే సరే. ఆయనకేమో వినపడదు. దారంతా నేనే చెవులు రిక్కించుకుని కూర్చుంటాను. కిందటి తొమ్మిది నెలలూ అదే పని. ఇక నేను కాస్త కళ్లు మూసుకుని పడుకోవచ్చన్నమాట."

దిండు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నాకు వినపడదు. ఇక్కడైనా రాసుకోవాలి కదా. సన్నటి చప్పుళ్లు ఏవీ వినపడవు. ఎప్పటి నుంచో సరిగ్గా చెప్పలేను, రెండేళ్లో, మూడేళ్లో. చెయిన్ చప్పుడు నాకు జనవరిలో వినపడలేదు, వానరోజు వినపడలేదు, గురువారం అది పోవడం కూడా వినపడలేదు. రెంచి టక్కుమనడం వినపడలేదు. బోల్టు మంచిదే. పాడు చేసింది నేను. సిగ్గుగా ఉంది.

అక్టోబర్ 19, ఆదివారం

సెలవు. మా ఆవిడతో బజారుకని చెప్పి షెడ్డుకి వెళ్లాను. తాళం తీసి, లోపల గడియ పెట్టుకున్నాను. తలుపు గొళ్లెం పాతదే. ఎక్కడా రంపం పడిన గుర్తు లేదు.

ఒక్కణ్ణే బెల్టులు తీసి, పుల్లీ లాగి, కవరు విప్పేసరికి ఒంటిగంట దాటింది. నడుం పట్టేసింది. మరలు పోయిన చోట పెద్ద మర కోసి, స్టీలు తీగచుట్ట దింపి, దాంట్లోకి బోల్టు ఎక్కించాలి. ఆ సామానంతా పక్కన పెట్టుకుని, లైటు దగ్గరికి లాగి చూశాను.

నా పసుపు చుక్క ఉంది. దాని పక్కన, ఆవగింజంత, తెల్ల చుక్క.

బోల్టు విప్పాను. చివరిదాకా గట్టిగానే వచ్చింది. లోపల స్టీలు చుట్ట మెరుస్తోంది. ఎవరో శుభ్రంగా మర కోసి, చుట్ట దింపి, కొలతగా బిగించి, నా చుక్క చెరిగితే అచ్చం నా చుక్కలాంటిదే మళ్లీ పెట్టి, పక్కన తమది పెట్టుకున్నారు. ఆ ఎవరో ఎవరో నాకు తెలుసు. మంగళవారం నేను ఇంటికి వెళ్లాక, రాత్రంతా కూర్చుని చేశాడు. బుధవారం పొద్దున వాడి వేళ్ల మీద ఉన్న పొడి అదే.

మిగతా బోల్టులు చూశాను. నేను బిగించిన ప్రతి చిన్న బోల్టు మీదా పసుపు పక్కన తెలుపు ఉంది.

షెడ్డులో ఇంకా మూడు బండ్లు ఉన్నాయి. అట్ట పరుచుకుని ఒక్కోదాని కింద పడుకుని చూశాను. టాక్సీ అతనిది, ఈసారి వేరే పనికి వచ్చింది. పాల వ్యాను. బడి బస్సు. ఎక్కడ నా చుక్క ఉంటే అక్కడ వాడి చుక్క ఉంది. కనపడకుండా, లోపలి వైపుకి. బస్సుని చివరిసారి నేను ముట్టుకుంది పోయిన సంవత్సరం మార్చిలో.

బస్సు కింద అలాగే చాలాసేపు పడుకున్నాను. లేవబుద్ధి కాలేదు.

తలుపు కొట్టారట. నాకు వినపడలేదు. కిటికీ దగ్గర బామ్మర్ది చెయ్యి ఊపుతుంటే చూశాను. వాడి చేతిలో ఫ్లాస్కు ఉంది. బజారు సంచి ఇంట్లోనే ఉండిపోయిందని వాళ్లక్క పంపిందట. లోపలికి వచ్చాడు, విప్పిన కవరు చూశాడు, రెండు కప్పుల్లో టీ పోశాడు. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్లూ నాతో మాట్లాడేటప్పుడు వాడెప్పుడూ ఎదురుగానే కూర్చుంటాడని అప్పుడు తట్టింది.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"రెండేళ్లు దాటింది బావా."

"చెప్పొచ్చు కదా."

"చెప్తే వినేవాడివా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నాకు నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"జనవరిలో ఈ బండి దగ్గర నా మాట పక్కన నీ చుక్క ఎందుకు లేదురా?"

వాడు కప్పు కింద పెట్టాడు.

"ఆ వారం నేను లేను బావా. పిల్లదాన్ని కాలేజీ ప్రవేశ పరీక్షకి తీసుకెళ్లాను. వచ్చాక పుస్తకం చూశాను. చప్పుడు లేదు, విన్నవారు నువ్వు అని ఉంది. వెళ్లి ఒక్కసారి విందామనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ పని ఒత్తిడిలో మర్చేపోయాను. మొన్న లాండ్రీలో విన్నప్పుడు ఆ పేజీ గుర్తొచ్చింది. అందుకే తాళాలు లాక్కున్నాను."

తొమ్మిది నెలలు. వాడు నా పరువు కాపాడుతున్నాడని నేను కృతజ్ఞతగా ఏదో అనాలని నోరు తెరిచాను. కోపమే వచ్చింది. వాడి మీద, నా మీద, బోర్డు మీద ఉన్న ఆ పిల్లి మీద. వాడు వెనకే వచ్చి సరిదిద్దుతున్నాడు కాబట్టే నాకు ఎప్పుడూ తప్పు కనపడలేదు. కనపడి ఉంటే నేను జనవరిలో చెవి పెట్టేవాణ్ణే కాదు. వాడు లేని ఒక్క వారంలో ఆవిడ ప్రాణం మా ఇద్దరి చేతుల్లోంచీ జారి, చెయిన్ మీద వేలాడింది. ఆ మాటే వాడితో అన్నాను.

"నిజమే బావా" అన్నాడు. ఏడుస్తున్నాడు. నలభై నాలుగేళ్ల మనిషి.

టీ చల్లారిపోయింది. అలాగే తాగాం.

అక్టోబర్ 20, సోమవారం

కవరు మళ్లీ మూశాం. విప్పిన బోల్టుని వాడి చేతే బిగించమన్నాను. తెల్ల చుక్క ఒక్కటే పెట్టమన్నాను. "నీది కూడా పెట్టు బావా, బోసిగా ఉంటుంది" అన్నాడు. వద్దన్నాను. ఇక మీదట చిన్న రెంచి వాడిది. పెద్ద బోల్టులు నావి, వాటి దెబ్బ చేతికి తెలుస్తుంది.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నాను. చెబుదామని మా ఆవిడ దగ్గరికి వెళ్తే, ఆవిడ క్యాలెండర్ తిప్పి చూపించింది. ఆగస్టులో ఒకసారి రాసి కొట్టేసి ఉంది. సెప్టెంబర్‌లో ఒకసారి రాసి కొట్టేసి ఉంది. ఈ గురువారం చుట్టూ ముందే గీత గీసి పెట్టింది.

"ఈసారి కొట్టెయ్యను" అంది, ఎదురుగా నిలబడి.

అక్టోబర్ 21, మంగళవారం

ఏడింటికే వచ్చారు. పెద్దావిడ చంకలో దిండు. పెద్దాయన చొక్కా ఇస్త్రీ మడతలు కత్తుల్లా ఉన్నాయి. ఇంజన్ నిన్నటి నుంచీ ముట్టుకోలేదు, చల్లగా ఉంది. తాళం బామ్మర్ది చేతిలో పెట్టి, ఆగమన్నాను.

పెద్దావిడ ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"అమ్మా, జనవరిలో మీరు చెప్పిందే నిజం. చప్పుడు ఉంది. నాకు వినపడలేదు. శనివారం విన్నానని మీతో అబద్ధం చెప్పాను. నాకు ఇప్పుడూ వినపడదు."

"ఏమంటున్నాడు?" అన్నాడు పెద్దాయన భార్యతో.

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "మేస్త్రిగారికి చెవులు వినపడవట!" అంది. ఆయనకి అర్థం కావాలంటే ఎంత గొంతు కావాలో అంత గొంతుతో అంది. టాక్సీ అతను, పాల వ్యాను డ్రైవరు, ఎదురు కొట్టు వాళ్లు, వీధి చివర దాకా అందరికీ తెలిసిపోయింది. మా ఆవిడ కౌంటర్ గదిలోంచి బయటికి వచ్చింది.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "నాకూ వినపడదుగా" అన్నాడు.

"అందుకే కదండీ ఇంత దాకా వచ్చింది" అంది పెద్దావిడ. తర్వాత నా వైపు తిరిగింది. నవ్వలేదు. "ఆ రోజు మీరిద్దరూ నవ్వారు. అది నాకు చాలా కష్టంగా అనిపించింది. దారిలో ప్రతిసారీ గుర్తొచ్చేది."

తప్పయిందమ్మా అన్నాను.

ఆవిడ దిండు నా చేతికిచ్చి, బానెట్ దగ్గరికి వెళ్లి, ఇంజన్ మీదికి వంగింది. బామ్మర్ది తాళం తిప్పాడు. ఇంజన్ అందుకున్నట్టు నేల ద్వారా నా కాళ్లకి తెలిసింది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుంటూ ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాను. ఆవిడ కళ్లు మూసుకుంది. పది దాకా వచ్చాక కళ్లు తెరిచి, చప్పుడు లేదన్నట్టు, నాకు కనపడేలా తల అడ్డంగా ఊపింది.

దిండు ఇచ్చేశాను. వెనక సీట్లో కాదు, ముందు కూర్చుంది. వెళ్లారు.

మధ్యాహ్నం దాకా ఏ పనీ తలకెక్కలేదు. రెండింటికి మా ఆవిడకి ఫోన్ వచ్చింది. చేరారట. కొండ మీద ఆవిడ నిద్రపోయిందట, ఆసుపత్రి గేటు దగ్గర పెద్దాయన లేపాల్సి వచ్చిందట.

షెడ్డు పుస్తకం తీశాను. పదహారో తారీకు దగ్గర 'విన్నవారు' గడిలో నా సంతకం కొట్టేసి, లాండ్రీ పెద్దావిడ అని రాశాను. తర్వాత జనవరి పేజీకి వెళ్లాను. 'చప్పుడు ఏమీ లేదు' అని ఉన్నచోట, 'ఏమీ లేదు' కొట్టేసి, 'ఉంది' అని దిద్దాను. పక్క గడిలో అక్కడ కూడా నా సంతకం తీసేసి, ఆవిడ పేరే రాశాను. ఆ రోజు విన్నది ఆవిడే.